ఊరు దాటడం వేరు, రాష్ట్రం దాటడం వేరు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా 2025 నవంబరులో కర్నూలులో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

జనం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఎందుకు పోతారు అన్నది నాకిచ్చిన విషయం. దీని గురించి మాట్లాడుకోవడానికి కర్నూలు కన్నా తగిన ఊరు ఏముంటుంది? తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. ఆదోని, మంత్రాలయం దాటితే కర్ణాటక. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అప్పుడు నదికి అవతలి గట్టు హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబరు 1న రెండు గట్లూ కలిశాయి. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయాయి. అవతలి గట్టున అలంపురంలో పుట్టి అక్కడే ముసలివాడైన మనిషి గడప దాటకుండానే మూడు రాష్ట్రాల్లో బతికాడు. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను 2014లో ఇటు కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం... అక్కడి వాళ్లు పడుకున్న మంచం ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మాత్రం మారిపోయింది.

ఇంకో సంగతి చూడండి. కోసిగి నుంచి ఒక ఆమె 2013లో గద్వాల వైపు పత్తి తీయడానికి పోయిందనుకోండి. అది మామూలు సుగ్గి, అంటే కోతల కాలపు వలస. 2015లో అదే చేనికి, అదే మూటతో, అదే జీపులో పోతే కాగితం మీద ఆమె అంతర్రాష్ట్ర వలస కూలీ. ఆమె నడిచిన దూరం పెరగలేదు. మరి ఆమెకు ఏమైనా మారిందా? మారింది. ఏం మారిందో చెప్పడానికే ఇవాళ వచ్చాను. దానికి ముందు, అసలు ఎందుకు పోతారన్నది చూద్దాం.

జనాభా లెక్కల వాళ్లు ఇంటికొచ్చినప్పుడు ఇంతకు ముందు ఏ ఊళ్లో ఉండేవారు, అక్కడి నుంచి ఎందుకు వచ్చారు అని అడుగుతారు. 2011లో జవాబుకు ఏడు గళ్లున్నాయి. పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టిన తర్వాత తరలడం, కుటుంబంతో పాటు రావడం, ఇతరం. ఒక మనిషికి ఒక్క గడి. ఈ లెక్క ప్రకారం దేశంలో 45 కోట్ల మంది ఎప్పుడో ఒకప్పుడు చోటు మారినవాళ్లే. 121 కోట్ల జనాభాలో మూడో వంతుకు పైమాటే. వాళ్లలో రాష్ట్రం దాటినవాళ్లు సుమారు 5 కోట్ల 40 లక్షలు. అంటే చోటు మారిన ప్రతి ఎనిమిది మందిలో ఏడుగురు సొంత రాష్ట్రంలోనే ఆగిపోయారు. ఈ ఎనిమిదో మనిషే మన విషయం.

ఆ గళ్ల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే అది నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది. 1991 లెక్కల్లో ‘ప్రకృతి వైపరీత్యాలు’ అని ఒక గడి ఉండేది. కరువు, వరద, తుపాను దాని కిందికి వచ్చేవి. ఆ గడిలో చాలా తక్కువ మంది కనిపించారని 2001లో దాన్ని తీసేశారు. ఎందుకు తక్కువ కనిపించారు? కరువొచ్చి పోయినవాణ్ణి ఎందుకొచ్చావని అడగండి. ‘పని కోసం’ అంటాడు. కరువు వల్ల అనడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మూడేళ్లు వాన పడలేదు, బోరు ఎండింది, ఎద్దుల్ని అమ్మాడు, అప్పు మిగిలింది, ఆ తర్వాతే పని కోసం వచ్చాడు. మనం చివరి మెట్టు రాసుకుని, కింది మెట్లన్నీ తుడిచేశాం.

పెళ్లి గడికి వద్దాం. చోటు మారినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. 2020-21లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో, చోటు మారిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 87 మంది కారణం పెళ్లి అనే చెప్పారు. పండితులు చాలామంది ఈ అంకె చూసి, ‘ఇది ఆచారం, దీనికి ఆర్థిక కారణం లేదు’ అని పక్కన పెట్టేస్తారు. నేను ఒప్పుకోను.

మా అమ్మది రాయచూరు జిల్లా. ఇచ్చింది ఆదోని దగ్గరి పల్లెకు. ఆమె మాటలో సగం తెలుగు, సగం కన్నడం. ఎందుకు అంత దూరం ఇచ్చావని నేను తాతను చిన్నప్పుడు అడిగితే, ‘అక్కడా మనవాళ్లు ఒకరుండాలి కదమ్మా’ అన్నాడు. ఆ మాట నాకు 1972లో అర్థమైంది. ఆ ఏటి కరువు ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా చేలలో గడ్డి కూడా మొలవలేదు. తాతవాళ్ల ఊరికి తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లున్నాయి. అక్కడి నుంచి బండి మీద జొన్నల సంచులు వచ్చాయి. రాత్రిపూట వచ్చాయి, పక్కింటివాళ్లు చూస్తారని. మా నాన్న సంచులు దించుతుంటే తల ఎత్తలేదు. ఆ ఏడు మేము కడుపు నిండా తిన్నామంటే అమ్మది దూరపు పుట్టిల్లు కావడం వల్లే. పక్క ఊరి పిల్లయితే వాళ్లకూ వాన పడి ఉండేది కాదు.

తర్వాత చాలా ఏళ్లకు, పాఠం చెప్పుకునే రోజుల్లో, 1989లో అచ్చయిన ఒక పరిశోధన చదివాను. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాశారు. మన పటాన్‌చెరులోని ఇక్రిసాట్ సంస్థ కొన్ని మెట్ట గ్రామాల్లో ఏళ్ల తరబడి సేకరించిన ఇంటింటి లెక్కలు తీసుకున్నారు. వాటిలో మహబూబ్‌నగర్ జిల్లా ఊరు కూడా ఉంది. పంట రాబడి ఏడాదికోలా ఊగే కుటుంబాలు ఆడపిల్లల్ని మరింత దూరం ఇస్తున్నాయని, అలా ఇచ్చిన ఇళ్లలో చెడ్డ ఏట కూడా తిండి ఖర్చు అంతగా పడిపోలేదని తేల్చారు. ఒక మబ్బు కిందే అందరూ ఉండకూడదన్నది వాళ్లు గణితంలో చెప్పింది, మా తాత ఒక్క ముక్కలో చెప్పింది. చదువుతూ ఏడ్చాను. నిజంగానే.

అందుకే చెబుతున్నాను, ఎవరైనా రాష్ట్రం దాటారంటే అది ఒక్క మనిషి నిర్ణయం కాదు. ఇంటి నిర్ణయం. అన్నదమ్ములు ముగ్గురుంటే ఒకడు చేను చూస్తాడు, ఒకడు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు, ఒకడు చదువుకుంటాడు. గుడ్లన్నీ ఒకే కోడి కింద పొదగబెట్టరు.

(సభలోంచి: ‘అట్లయితే పేదరికం కారణం కాదా మేడం?’)

అవును, ఆ మాటకే వస్తున్నాను. కూర్చో నాన్నా.

పేదరికం వల్లే జనం పోతారన్నది సగం మాట. అదే నిజమైతే అందరికన్నా పేదవాడు అందరికన్నా ముందు పోవాలి కదా? పోడు. పోలేడు. రైలు చార్జీ కావాలి, అక్కడ పని దొరికేదాకా వారం రోజుల తిండి కావాలి, ఇంట్లో ముసలివాళ్లకు బియ్యం పోసి పోవాలి. అన్నిటికీ మించి, పని దొరకకపోతే ఏం గతి అన్న భయం ఉంటుంది. ఉన్నవాడు ఒకసారి నష్టపోతే తట్టుకుంటాడు. లేనివాడికి ఆ ఒక్కసారే చివరిసారి.

2008లో బంగ్లాదేశ్ ఉత్తర భాగంలో, నాట్లకూ కోతలకూ మధ్య ఆకలి నెలల్లో, కొందరు పరిశోధకులు పేద కుటుంబాలకు బస్సు చార్జీకి సరిపడా సొమ్ము, ఎనిమిదిన్నర డాలర్లు, ఇచ్చి చూశారు. ఆ చిన్న మొత్తానికే నూటికి సుమారు 22 ఇళ్ల చొప్పున అదనంగా, అది లేకుంటే కదలనివి, ఒక మనిషిని పనికి పంపాయి. వాళ్లలో చాలామంది తర్వాతి ఏడు ఎవరూ డబ్బు ఇవ్వకుండానే మళ్లీ పోయారు. దారి తెలిసింది, అంతే. ఎక్కువ కూలి అక్కడుందని వాళ్లకు ముందూ తెలుసు.

మరి మన దగ్గర ఆ బస్సు చార్జీ ఎవరిస్తున్నారు? మేస్త్రి ఇస్తున్నాడు. అక్కడే ఉంది చిక్కంతా.

పశ్చిమ ఒడిశాలో బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాలున్నాయి. అక్కడ భాద్రపదంలో నువాఖాయి అని కొత్త ధాన్యం పండగ చేసుకుంటారు. పండగ వెళ్లగానే సర్దార్, అంటే అక్కడి మేస్త్రి, ఊళ్లోకి దిగుతాడు. చేతిలో అడ్వాన్సు ఉంటుంది. ఆ డబ్బు మనిషికి ఇవ్వడు, ‘పథురియా’కు ఇస్తాడు. పథురియా అంటే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, సాయానికి ఒక పిల్ల లేదా పిల్లవాడు. ముగ్గురు కలిస్తే ఒక లెక్క. ఆ డబ్బుతో పాత అప్పు తీరుస్తారు, వైద్యం చేయిస్తారు, పిల్ల పెళ్లి చేస్తారు. తర్వాత తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు ఇటుక బట్టీలకు వస్తారు. వానాకాలం మొదలయ్యేదాకా ఇటుకలు కోసి ఆ అడ్వాన్సు తీర్చాలి. డబ్బు ముందే ఖర్చయిపోయింది, పని ఇంకా మొదలే కాలేదు. ‘మధ్యలో వెళ్లిపోతాను’ అంటే కుదరదు.

ఇప్పుడు ఆ ఏడు గళ్లు గుర్తు చేసుకోండి. ఈ ముగ్గురినీ లెక్క రాసే మనిషి అడిగితే మగమనిషికి ‘పని’ గడి. ఆడమనిషికి ‘కుటుంబంతో పాటు రావడం’. పిల్లకూ అదే. ఆమె మట్టి తొక్కింది, ఇటుక తిప్పింది, నెత్తిన మోసింది. కాగితం మీద మాత్రం మొగుడి వెంట వచ్చింది.

పాలమూరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ చేయి పడని ఆనకట్ట ఈ దేశంలో తక్కువ. అక్కడ గుంపు మేస్త్రి అంటారు. పద్ధతి ఇదే. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం ఏడాది పొడుగునా అతను చూపిన చోటికల్లా పోవాలి. కృష్ణ ఎగువ నుంచి ఆ జిల్లా పక్కగానే పారుతుంది, జిల్లా మాత్రం ఎండిపోయి ఉండేది. ఎక్కడెక్కడి పొలాలకో నీళ్లు మళ్లించే కాలువలు తవ్వింది ఆ నీళ్లు లేనివాళ్లే. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక దారుల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త సమయం తీసుకుంటాను.

మనుషులు ఎక్కడ కూలి ఎక్కువో అక్కడికి పోరు. ఎక్కడ తమవాడు ఒకడున్నాడో అక్కడికి పోతారు. ముంబైలో కామాఠిపుర అని ఒక పేట ఉంది. ఆ పేరు మనవాళ్లదే. నిజాం ఇలాకా నుంచి కట్టడం పనికి పోయిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అనేవాళ్లు. వాళ్లు కాపురమున్న చోటు కామాఠిపుర. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ పద్మశాలీలు సోలాపూర్, భివండి, సూరత్ మరమగ్గాలకు పోయారు. ఊళ్లో చేనేత కూలినప్పుడు వాళ్లు పక్క ఊరి కట్టడం పనికి పోలేదు, వందల మైళ్ల అవతల మగ్గం దగ్గరికే పోయారు. చేతిలో ఉన్న పనితనాన్ని వదులుకోవడం కన్నా రాష్ట్రాన్ని వదులుకోవడమే వాళ్లకు తేలికైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్ పోయినవాళ్ల మనవలు ఇవాళ కూడా అక్కడ తెలుగు మాట్లాడుకుంటున్నారు. రైలు పట్టా ఎటుంటే అటే పోయారు.

శ్రీకాకుళం మత్స్యకారుల సంగతి ఇంకా ఆశ్చర్యం. ఆ జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. చేపలు పట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. అయినా ఆగస్టు వచ్చేసరికి ఎచ్చెర్ల, రణస్థలం వైపు పల్లెల నుంచి మగవాళ్లు దేశాన్ని అడ్డంగా దాటి గుజరాత్ వెరావల్ రేవుకు పోతారు. సొంత సముద్రం వదిలి పరాయి సముద్రానికి! ఎందుకంటే ఇక్కడ పెద్ద మరబోట్లు నిలిచే రేవు దశాబ్దాల తరబడి కట్టలేదు. సముద్రం ఉంటే సరిపోదు, రేవు ఉండాలి. ఒక ఊరివాడు వెరావల్‌లో తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద, అయ్యాడంటే కలాసీలను, అంటే బోటు మీద పనివాళ్లను, తన ఊరి నుంచే పిలిపించుకుంటాడు. అలా ఊళ్లకు ఊళ్లు ఒకే రేవుకు అలవాటు పడ్డాయి. 2018 నవంబరులో కొందరు తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా మీదుగా ఇల్లు చేరారు. రేవు లేని జిల్లాలో పుట్టినందుకు పదమూడు నెలల చెర!

1885లోనే రావెన్‌స్టెయిన్ అనే ఆయన బ్రిటన్ జనాభా లెక్కలు చూసి, చాలామంది దగ్గరికే పోతారని, పోయే ప్రతి ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఒకటి ఉంటుందని రాశాడు. ఆ రెండో మాటకు మళ్లీ వస్తాను.

అందరూ లేమితోనే పోతారనుకోవద్దు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇంటి దగ్గర ఎకరం అమ్మి, ఇప్పటి కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు అంతకు అయిదారింతలు కొన్నారు. అక్కడివాళ్లకు జొన్న తెలుసు, మడి కట్టి వరి నాటడం తెలియదు. వీళ్లకు అదే తెలుసు. వాళ్లు వేసుకున్న గుడిసెలను క్యాంపులు అన్నారు. ఇప్పుడు అవి మేడలున్న ఊళ్లయ్యాయి, పేరు చివర క్యాంపు మాత్రం అలాగే ఉంది. ఆ వలసలో భూమి పోగొట్టుకున్న స్థానికులు కూడా ఉన్నారు, చౌకగా అమ్మేసి తర్వాత అదే చేలో కూలికి పోయినవాళ్లు. వాళ్ల వైపు నుంచి కూడా ఈ కథ చెప్పాలి.

చదువుకు పోయేవాళ్లు, ఐటీ ఉద్యోగాలకు బెంగళూరు, చెన్నై, పుణె పోయేవాళ్లు, సివిల్స్ కోసం ఢిల్లీ పోయేవాళ్లు... ఈ హాల్లోనే చాలా ఇళ్లలో ఉంటారు. వాళ్లను గురించి ఎక్కువ చెప్పను. పోవడం వాళ్లకు ఎంచుకున్న పని. ఎంచుకునే వీలే లేనివాళ్లూ ఉన్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ దంతెవాడ అడవుల్లో మావోయిస్టులవి, ప్రభుత్వం వైపువాళ్లవి, ఆ రెండు తుపాకుల మధ్య ఉండలేక ఖమ్మం, వరంగల్ వైపు వచ్చేసిన గుత్తికోయ ఆదివాసీలు ఏ కూలి లెక్కా వేసుకుని రాలేదు.

ఇప్పుడు మొదట్లో వదిలిన ప్రశ్న. రాష్ట్రం దాటితే ఏం మారుతుంది?

మన రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా స్థిరపడవచ్చు. గేటు లేదు, పర్మిట్ లేదు. అయినా ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2001 జనాభా లెక్కలతో ఒక పోలిక చేశారు. పక్కపక్కనే ఉన్న రెండు జిల్లాలు ఒకే రాష్ట్రంలో ఉంటే వాటి మధ్య రాకపోకలు, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్న పక్క జిల్లాల మధ్య కన్నా కనీసం సగం ఎక్కువగా ఉన్నాయి. దూరం అంతే, భాష కూడా చాలాచోట్ల అంతే. మరి కనిపించని ఆ గోడ దేనితో కట్టారు?

కాగితాలతో. రేషన్ కార్డు రాష్ట్రానిది. కాలేజీలో స్థానిక సీటు రాష్ట్రానిది. రాజ్యాంగం 371-డి అధికరణం కింద మన దగ్గర వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. 2014 తర్వాత హైదరాబాద్ నుంచి ఇటు వచ్చేవాళ్లకు స్థానికత ఇవ్వడానికి రాష్ట్రపతి ఉత్తర్వు మార్చాల్సి వచ్చింది, మూడేళ్ల గడువు పెట్టి, తర్వాత దాన్ని పొడిగించారు. సచివాలయం ఉద్యోగి పిల్లలకు అంత చర్చ జరిగింది, సంతోషం. నదికి అవతల పత్తి తీసే తల్లి, బడి ఈ గట్టున ఒక ఏడు, ఆ గట్టున ఒక ఏడు చదివిన ఆమె పిల్ల ఏ గట్టు స్థానికురాలో ఎవరైనా ఉత్తర్వు ఇచ్చారా? నా తరగతిలో అలాంటి పిల్ల ఉండేది. మార్కులకు లోటు లేదు. సర్టిఫికెట్ల పరిశీలన రోజు బల్ల అవతలి మనిషి ‘నువ్వు నాన్‌లోకల్’ అన్నాడు. నా వైపు తిరిగి, ‘మేడం, నేను నాన్‌లోకల్ అయితే నా లోకల్ ఎక్కడ?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కులం కూడా సరిహద్దు దగ్గర మారిపోతుంది. లంబాడీలు తెలంగాణ, ఆంధ్రల్లో షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే తండా అక్కచెల్లెళ్లు మూడు రాష్ట్రాలకు కోడళ్లయితే మూడు లెక్కల్లో పడతారు. రాయచూరులో వాల్మీకి నాయక్ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ కర్నూలు బోయ వెనకబడిన తరగతి. వియ్యంకులే! 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన విద్యార్థి, తెగ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. ఇక్కడి తెగ హోదా అక్కడ చెల్లదని కోర్టు చెప్పింది. ఏ రాష్ట్రంలోని వెనకబాటు ఆ రాష్ట్రానిదే అన్నది వాళ్ల తర్కం. అందులో న్యాయం లేదనను, అక్కడి తెగల వాటా తగ్గకూడదు కదా. కానీ మనిషి రాష్ట్రం దాటినంత మాత్రాన అతని తాతముత్తాతలకు జరిగిన అన్యాయం దాటిపోతుందా?

కూలీల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒడిశాలో ‘దాదన్’ పేరుతో కాంట్రాక్టర్లు మనుషుల్ని తోలుకుపోయే పద్ధతి చూసి చేసిన చట్టం. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫోటో ఉన్న పాస్‌బుక్, ఊరు వదిలినందుకు నెల కూలిలో సగం భత్యం, రానుపోను చార్జీ. చదివితే కడుపు నిండుతుంది. ఆ పాస్‌బుక్ చూసిన కూలీని నా జీవితంలో నేను కలవలేదు. పైగా ఆ చట్టం కాంట్రాక్టరు తెచ్చినవాడికే, తనంతట తాను వచ్చినవాడికి కాదు. 2020లో చేసిన కార్మిక కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేసి, సొంతంగా వచ్చినవాళ్లనూ లెక్కలోకి తెచ్చారు. అదే చేత్తో, అయిదుగురు కూలీలున్న చోటికి వర్తించేదాన్ని పది మందికి పెంచారు. అయిదారుగురిని పెట్టుకునే చిన్న మేస్త్రి దగ్గరే కదా దగా ఎక్కువ!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశం మొత్తం ఈ మనుషుల్ని మొదటిసారి చూసినట్టు చూసింది. అంతకు మూడేళ్ల ముందే, 2016-17 ఆర్థిక సర్వేలో, రైళ్ల రిజర్వేషన్ లేని టికెట్లు లెక్కగట్టి, ఏటా సుమారు 90 లక్షల మంది పని కోసం రాష్ట్రాలు దాటుతున్నారని రాశారు. అయినా ఆ వేసవిలో వాళ్లు ఎంతమందో, ఎక్కడున్నారో చెప్పగల రిజిస్టరు ఏ కలెక్టరు బల్ల మీదా లేదు. 1979 చట్టం అమలై ఉంటే ఉండేది. మే 1న మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది మన లింగంపల్లి నుంచే, ఝార్ఖండ్ హటియాకు. చివరికి ఆ రైళ్లలో 63 లక్షల మంది ఇళ్లకు చేరారు. నడిచిపోయినవాళ్ల లెక్క లేదు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2019 ఆగస్టులో ఒక రాష్ట్రం రేషన్ కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతి మొదలుపెట్టినప్పుడు మొదటి జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. గోడలో ఒక ఇటుక తీయగలిగాం. తీస్తే వస్తుందన్నమాట.

రావెన్‌స్టెయిన్ చెప్పిన ఎదురు ప్రవాహం అన్నాను కదా. తెలంగాణలో నీళ్లొచ్చిన చోట ఇప్పుడు వరి నాట్లకు బిహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బిహారీలు. ఎన్నో తరాలు కూలీల్ని పంపిన పాలమూరు ఇప్పుడు పత్తి తీతకు మన కర్నూలు పల్లెల నుంచీ, రాయచూరు నుంచీ మనుషుల్ని పిలుచుకుంటోంది. బొంబాయిలో మనవాళ్లను ఏ చూపు చూశారో తెలిసిన పల్లెల్లోనే, ఇవాళ ఆ పిల్లల్ని ‘ఏయ్ బిహారీ’ అని పిలుస్తుంటే విన్నాను. వాడికీ ఒక పేరుంటుంది. అడగండి. అతనూ ఒక పథురియా అప్పు మోసుకొచ్చి ఉంటాడు, లేదా వాళ్ల అన్న చూపించిన దారిన వచ్చి ఉంటాడు, లేదా ఒకే మబ్బు కింద ఇంటిల్లిపాదీ ఉండకూడదని వాళ్ల అమ్మ పంపి ఉంటుంది.

(ప్రశ్నల సమయంలో ఒక విద్యార్థిని: ‘మేడం, దీనికి మా లాంటివాళ్లం చేసేదేముంటుంది?’)

ఉందమ్మా, దగ్గర్లోనే ఉంది. పదహారేళ్ల తర్వాత జనాభా లెక్కలు రాబోతున్నాయి. 2026లో ఇళ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఫిబ్రవరి అంటే ఏమిటో కోసిగి, పెద్దకడుబూరు పిల్లలకు తెలుసు. మిరప కోతలు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలుంటాయి. లెక్క జరిగే రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఇక్కడ రాయరు, వాళ్లు ఉన్నచోటే రాయాలి. చేను గట్టున టార్పాలిన్ పట్టా కప్పుకుని పడుకునేవాళ్ల దగ్గరికి ఎవరైనా పోయి రాస్తారా? రాస్తేనే ఉన్నట్టు. అందుకని సుగ్గికి పోయేముందు మీ వీధిలోవాళ్లకు చెప్పండి, ‘మీరున్న ఊళ్లో లెక్క రాయించుకోండి, ఆడవాళ్లకూ పని గడిలోనే రాయమని అడగండి’ అని. వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉంటాయి కదా. ఆ నెలలో ఒకసారి ఫోన్ చేసి రాశారా అని కనుక్కోండి. రాయలేదంటే, వాళ్లు ఏ మండలంలో ఏ చేను దగ్గరున్నారో అడిగి తెలుసుకుని, మీ ఊరికి లెక్క రాయడానికొచ్చే టీచరుకు ఆ పేర్లివ్వండి.